ఆపమని ఎవరూ అనలేదు

గ్రాఫిక్స్ కార్డుల గురించి డాక్టరెందుకు రాయాలని అనుకుంటారేమో. నేను రేడియాలజిస్టుని. నా మెడలో స్టెతస్కోపు ఉండదు, రోగి ముఖం కూడా చాలాసార్లు చూడను. గుడివాడలో తీసిన సీటీని, అవనిగడ్డలో తీసిన ఛాతీ ఎక్స్‌రేని బందరులో కూర్చుని తెరమీద చూసి రిపోర్టు రాస్తాను. ఆ తెరకు బొమ్మ పంపే కార్డు సరిగ్గా పనిచెయ్యకపోతే నా చదువు ఎందుకూ కొరగాదు. అందుకే ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నేను చూసిన కేసుల్లో కొన్ని మనుషులవైతే కొన్ని కంప్యూటర్లవి.

పెద్ద ఆసుపత్రుల్లో రిపోర్టింగుకని ప్రత్యేకమైన మెడికల్ మానిటర్లు ఉంటాయి. దివిసీమలో ఓ చిన్న ఎక్స్‌రే సెంటరు నడుపుకునేవాడు అంత డబ్బు ఎక్కణ్ణించి తెస్తాడు? బెజవాడలో అసెంబుల్ చేయించిన సీపీయూ, అందులో ఓ కార్డు, ఓ మామూలు మానిటరు. కొన్నిచోట్ల మానిటరు కూడా కాదు, గోడకు బిగించిన టీవీ. సముద్రం ఉప్పుగాలికి కార్డు అంచున ఉండే కాంటాక్టులు మసకబారతాయి. టెక్నీషియన్లు కార్డు పీకి, పిల్లల పెన్సిల్ రబ్బరుతో వాటిని రుద్ది మళ్ళీ దిగ్గొడతారు. అది కొన్నాళ్ళు నడుస్తుంది. తుపాను కబురు వచ్చినప్పుడల్లా కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, ఏదో ఒక రోజు కార్డు పోతుంది. కొత్తది కొనేటప్పుడు ఎన్విడియానా ఏఎండీనా అన్న ఆలోచన ఎవరికీ రాదు. ఆ పూట షాపులో ఏది ఉంటే అది, రెండూ ఉంటే చౌకగా వచ్చేది. మా ప్రాంతంలో బ్రాండు మారేది ఇలాగే.

ఒక సాయంత్రం గుడివాడ నుంచి ఫోను. "సార్, కొత్త కార్డు పెట్టాం. విండోస్ గుర్తు వస్తోంది, చుక్కలు తిరుగుతున్నాయి, ఆ తర్వాత తెరంతా నల్లగా అయిపోతోంది. కార్డే పోయిందేమో, వెనక్కి ఇచ్చెయ్యమంటారా?" బైకు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిన కుర్రాడి సీటీ ఆ కంప్యూటర్లోనే ఉంది. మెషిను పక్కనుండే కన్సోలు మీద ఫొటోలు తీసి పంపించమని, మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకుని, అప్పుడు కార్డు సంగతికి వచ్చాను.

విండోస్ గుర్తు కనిపించిందంటే కార్డు బతికే ఉంది. అప్పటిదాకా బొమ్మ వచ్చేది కార్డులో ఉన్న ఫర్మ్‌వేరు వల్ల. దానికి కార్డును నడిపే కంపెనీ సాఫ్ట్‌వేరుతో, అంటే డ్రైవరుతో, పని లేదు. అసలు డ్రైవరు ఎక్కే క్షణంలో నల్లబడుతోందంటే జబ్బు డ్రైవరులో ఉండే అవకాశమే ఎక్కువ. "పాత కార్డు తీసేముందు దాని డ్రైవరు తీశావా?" అని అడిగాను.

"కార్డే తీసేశాం కదా సార్, ఇంక డ్రైవరెక్కడుంటుంది?"

వస్తువు పోయాక దాని తాలూకు సరంజామా కూడా పోతుందని మనందరం అనుకుంటాం. డ్రైవరు ఉండేది కార్డులో కాదు, హార్డ్ డిస్కులో. కార్డు పీకేసినా దాని ఫైళ్ళూ, రిజిస్ట్రీలో రాతలూ, కంప్యూటరు ఆన్ అవగానే తమంతట తామే లేచే చిన్నచిన్న సర్వీసులూ అన్నీ అక్కడే ఉంటాయి. డివైస్ మేనేజరు తెరిచి, వ్యూ మెనూలో 'షో హిడెన్ డివైసెస్' నొక్కితే పీకేసిన కార్డు పేరు వెలిసిపోయినట్టుగా కనిపిస్తుంది. తర్వాత సేఫ్ మోడులో చూస్తే గుడివాడ కంప్యూటర్లోనూ కనిపించింది. దాని పక్కనే కొత్త కార్డు పేరు. మనవాడు కొత్త డ్రైవరును పదేపదే ఎక్కించాడు గానీ పాతదాని జోలికి పోలేదు.

ఆ తర్వాత చేసింది చెప్పుకోవడానికి సులువే, చెయ్యడానికే ఓపిక కావాలి. ముందు ఇంటర్నెట్ వైరు పీకించాను. లేకపోతే మనం పాతది తీసీ తియ్యకముందే విండోస్ అప్‌డేట్ తనకు తోచిన డ్రైవరును తెచ్చి పెట్టేస్తుంది. తర్వాత సేఫ్ మోడ్. అందులో కంపెనీ డ్రైవరు ఎక్కదు, విండోస్‌కు సొంతంగా ఉన్న మామూలు డిస్‌ప్లే డ్రైవరే నడుస్తుంది, తెర మొరటుగా పెద్దపెద్ద అక్షరాలతో వస్తుంది, కానీ వస్తుంది. అక్కడ డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో పాత కంపెనీవీ కొత్త కంపెనీవీ రెండూ తుడిపించి, రీస్టార్ట్ చేయించి, ముందే పెన్‌డ్రైవులో పెట్టుకున్న కొత్త డ్రైవరు ఎక్కించమన్నాను. తెర వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రెండు కంపెనీల డ్రైవర్లూ ఒకే డిస్కులో ఉంటే కొట్టుకుని తీరతాయనేమీ లేదు. కార్డు గుర్తింపు సంఖ్యను చూసి విండోస్ చాలాసార్లు దానికి తగిన డ్రైవరునే ఎక్కిస్తుంది, పాతది ఓ మూల పడి ఉంటుంది. గుడివాడలో ఆ తుడిచే పద్ధతి పనిచేసిందని తెలిశాక మా టెక్నీషియన్లు ప్రతి జబ్బుకూ అదే మందు వాడటం మొదలుపెట్టారు. మౌసు పనిచెయ్యకపోయినా సేఫ్ మోడే. కార్డుకు విడిగా ఇవ్వాల్సిన పవరు కేబులు పెట్టకపోవడం, మానిటరు వైరును కొత్త కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు తగిలించడం, తెర రాకపోవడానికి కారణంగా ఇవే ఎక్కువ చూశాను. వాటిని డ్రైవరు తుడిచి బాగుచెయ్యలేం.

ఆ రోజుల్లోనే ఇలాంటి కేసే మనిషిలోనూ చూశాను. నాగాయలంక వైపు నుంచి ఒక మామ్మగారు కడుపు సీటీకి వచ్చారు. కాంట్రాస్టు అనే మందు నరంలోకి ఎక్కించి తీసే సీటీ కాబట్టి పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. బల్లమీద పడుకోబెట్టి సిస్టరు సూది పెడుతుండగానే ఒళ్ళంతా చెమట, చేతులు చల్లబడ్డాయి, మాట ముద్దగా వస్తోంది. కాంట్రాస్టు పడలేదేమోనని వెంట వచ్చినవాళ్ళు గోల. అసలు కాంట్రాస్టు ఇంకా ఎక్కిస్తేగా! గ్లూకోమీటరు పెడితే షుగరు 50 దగ్గర ఉంది. గ్లూకోజు ఎక్కించగానే కళ్ళు తెరిచి, మంచినీళ్ళు అడిగారు.

ఆవిడ చేతిసంచిలో బట్టల కొట్టు క్యారీబ్యాగు, దాన్నిండా బిళ్ళల షీట్లు. నేను ఒక్కొక్కటే తీసి బల్లమీద పేర్చాను. "ఇయ్యన్నీ షుగరు బిళ్ళలేనా అమ్మా?"

"ఆ బాబూ. ఇది గుడివాడ డాక్టరుగారు రాసింది. ఇది బందరులో ఇచ్చారు. ఈ తెల్లది మా అబ్బాయి బెజవాడలో చూపిస్తే రాశారు."

"మరి కొత్తది రాసినప్పుడు పాతది ఆపమన్నారా?"

"ఆపమని ఎవరూ అనలేదే!"

మూడు షీట్ల మీదా మూడు పేర్లు, మూడు రంగులు. కింద చిన్న అక్షరాల్లో చూస్తే రెండింటిలో గ్లిమెపిరైడ్, మూడింటిలోనూ మెట్‌ఫార్మిన్. ఒకే మందును రెండు మూడు బ్రాండ్లలో, ఖాళీ కడుపున వేసుకున్నారు. మెట్‌ఫార్మిన్ సంగతి మా పరీక్షకు ముందు అడిగి తీరాలి. కిడ్నీలు బాగా దెబ్బతిని, అవి వడకట్టే వేగాన్ని చెప్పే ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తక్కువగా ఉన్నవాళ్ళకు కాంట్రాస్టు ఇచ్చేటప్పుడు దాన్ని ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూసి గానీ మళ్ళీ మొదలుపెట్టం. అందుకే ఏ బిళ్ళలు వాడుతున్నారని అడుగుతాం. రోగులు కొత్త బిళ్ళ పేరు చెబుతారు. పాతదాని గురించి విడిగా అడిగితే తప్ప చెప్పరు, దాచాలని కాదు, అది అడగాల్సిన విషయమని తోచక.

డ్రైవరుకీ మందుకీ పోలిక ఇక్కడిదాకా బాగానే వస్తుంది, ఇంకాస్త లాగితే తెగుతుంది. కంప్యూటర్లో పాతదాన్ని ఓ గంటలో తుడిచేయొచ్చు. ఒంట్లో అలా కుదరదు. గుండె బలహీనపడినవాళ్ళను ఏసీఈ ఇన్‌హిబిటరు నుంచి సాక్యుబిట్రిల్–వల్సార్టాన్ బిళ్ళకు మార్చాలంటే నడుమ 36 గంటలు ఖాళీ వదలాలి, లేకపోతే ముఖం, నాలుక, గొంతు వాచిపోయే ప్రమాదం ఉంది. దిగులు జబ్బుకు వాడే ఫ్లూక్సెటిన్ ఆపి ఎంఏఓఐ తరహా మందు మొదలుపెట్టాలంటే అయిదు వారాలు ఆగాలి, అంతకాలం అది ఒంట్లో ఉంటుంది. మూర్ఛ మందుల దగ్గర లెక్క పూర్తిగా తిరగబడుతుంది. పాతది ఒక్కసారిగా ఆపితే ఫిట్సు రావచ్చు, కొత్తది పెంచుతూ పాతది మెల్లగా తగ్గించాలి. కాబట్టి ఇది చదివి ఎవరూ ఇంట్లో ఉన్న పాత షీట్లు తీసి పారెయ్యకండి. క్యారీబ్యాగుతో సహా డాక్టరు దగ్గరకు పట్టుకెళ్ళండి.

గుడివాడ కంప్యూటరు తెర వచ్చాక కూడా ఓ పేచీ మిగిలింది. సీటీ ముక్కలను కలిపి ఎముకను మూడు కొలతల్లో తిప్పి చూపించే సాఫ్ట్‌వేరు తెరుచుకోవడం మానేసింది. కారణం డ్రైవరు కాదు. ఆ సాఫ్ట్‌వేరు ఎన్విడియా వాళ్ళ క్యూడా మీద ఆధారపడి రాసింది, అది ఆ కంపెనీ కార్డుల మీదే నడుస్తుంది, కొత్త కార్డు వాళ్ళది కాదు. సెట్టింగుల్లో కార్డు బదులు ప్రాసెసరు ఎంచుకుంటే పని జరిగింది గానీ విరిగిన తుంటి ఎముక తిరగడానికి చాలాసేపు పట్టేది. బ్రాండు మార్చేముందు వాడే సాఫ్ట్‌వేరు దేనిమీద నడుస్తుందో ఓసారి కనుక్కుంటే ఆ పేచీ తప్పేది.

నన్ను నిజంగా భయపెట్టింది మాత్రం అవనిగడ్డ కేసు. అక్కడ తెర నల్లబడలేదు, ఎర్రర్ ఏదీ రాలేదు, అంతా చక్కగా నడుస్తోంది. కార్డు మార్చారు, డ్రైవరు పద్ధతిగానే మార్చారు. ఆ రోజు నేనే అక్కడికి వెళ్ళి టీవీ ముందు కూర్చుని ఛాతీ ఎక్స్‌రేలు చూస్తున్నాను. వరసగా అందరి ఊపిరితిత్తులూ శుభ్రం. చుట్టలు కాల్చే పెద్దవాళ్ళ ఛాతీలు అంత నిగనిగలాడుతూ ఉండవు. ఊపిరితిత్తుల చివరలదాకా కనిపించాల్సిన సన్నటి రక్తనాళాలు మధ్యలోనే ఆగిపోయి, అవతలంతా ఒకటే నలుపు. గుండె వెనకాల చూస్తే సున్నం కొట్టినట్టు తెలుపు.

ఎస్‌ఎంపీటీఈ ప్యాటర్న్ అనే టెస్టు బొమ్మ తెరిపించాను. అది సినిమా, టీవీ ఇంజనీర్ల అమెరికన్ సంఘం తయారుచేసింది. రేడియాలజీ వాళ్ళం ఏళ్ళుగా వాడుకుంటున్నాం. అందులో నల్ల చదరంలో 5 శాతం సిగ్నల్‌తో ఓ చిన్న చదరం, తెల్ల చదరంలో 95 శాతంతో ఇంకోటి ఉంటాయి. రెండూ కనిపించి తీరాలి. అవనిగడ్డ టీవీలో రెండూ లేవు.

విషయం ఇదీ. కంప్యూటరు తెరలు నలుపు నుంచి తెలుపు దాకా 0 నుంచి 255 అంకెలు వాడతాయి. టీవీలు ఆనవాయితీగా 16 నుంచి 235 వాడతాయి, 16కు దిగువన ఏది వచ్చినా నలుపే, 235కు పైన ఏది వచ్చినా తెలుపే. పాత కార్డు అవతల ఉన్నది టీవీ అని గుర్తుపట్టి ఆ లెక్కలోనే బొమ్మ పంపేది. కొత్త కార్డు పూర్తి లెక్కలో పంపింది, టీవీ మాత్రం పాత అలవాటులోనే ఉంది. 255లో 5 శాతం అంటే సుమారు 13, 95 శాతం అంటే 242. రెండూ గీత అవతలే. టెస్టు బొమ్మలో మాయమైనవి చిన్న చదరాలు, ఎక్స్‌రేలో అవే అంకెల మీద సన్నటి మచ్చలుంటాయి.

కార్డు సెట్టింగుల్లో కలర్ రేంజి 'లిమిటెడ్'కు మార్చాను. టీవీలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ సరిచేసినా అదే ఫలితం. మార్చాల్సింది ఒక్కచోటే, రెండుచోట్లా మారిస్తే మళ్ళీ తేడానే. అంతకుముందు చూసినవన్నీ తిరిగి తెరిపించాను. సాయంత్రపు జ్వరం, దగ్గు అని రాసి పంపిన ఒక పెద్దాయన ఫిల్ములో కుడి కాలర్ బోన్ కింద దూది పింజలాంటి నీడ. తెమడను క్షయ పరీక్ష అయిన సీబీనాట్‌కు పంపమని రాశాను. క్షయ అని తేలింది, మందులు మొదలుపెట్టారు.

ఇలాంటివాటి కోసమే వైద్య చిత్రాలకు సంబంధించిన డైకామ్ ప్రమాణాల్లో 14వ భాగం ఉంది, బూడిదరంగు మెట్లు మనిషి కంటికి సమానంగా కనిపించేలా తెరను ఎలా సరిచెయ్యాలో చెబుతుంది. మెడికల్ మానిటర్లలో చాలావాటికి అలా సరిచేసే అంకెల పట్టిక మానిటరులోపలే ఉంటుంది. మామూలు మానిటరును సరిచేస్తే పట్టిక గ్రాఫిక్స్ కార్డుకు ఎక్కుతుంది, కార్డు మారిస్తే దాన్ని మళ్ళీ చెయ్యాలి. కార్డు మార్చిన రోజు తెర వెలగగానే పని అయిపోయిందనుకోవడం నాకు నచ్చనిది ఇందుకే. అవనిగడ్డ యజమానికి మంచి మానిటరు కొనమని చెబుతూనే ఉన్నాను. "టీవీ బాగానే కనపడుతోంది కద సార్" అంటాడు. కనపడుతోంది మరి, కాదనలేను.

మొన్న బందరులో నా సొంత రిపోర్టింగు కంప్యూటరు కార్డు మార్చాల్సి వచ్చింది, మళ్ళీ బ్రాండు మారింది. కుర్రాడు తెలివైనవాడు, నా మాటలన్నీ కాయితం మీద రాసుకున్నాడు. పాత సెట్టింగుల పేజీలు ఫోనులో ఫొటోలు తీశాడు, పాత కార్డును కవర్లో పెట్టి అలమారలో దాచాడు, సేఫ్ మోడులో అన్నీ తుడిచాడు. వైరు పీకడం ఒక్కటి మరిచాడు. మేము టీ తాగి వచ్చేసరికి విండోస్ ఎప్పటిదో పాత వెర్షను డ్రైవరును తెచ్చి తీరిగ్గా ఎక్కించుకుంది. కుర్రాడు నా వైపు చూసి, ఏమీ మాట్లాడకుండా వైరు పీకి, మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాడు.