గట్టిబడ్డ వెనక చక్రాలు

తులూజ్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో, ఊరు వదిలి వెళ్తున్న సహోద్యోగి ఒకడు తన పాత సిట్రోయెన్ బీఎక్స్ నాకు అమ్మాడు. మామూలు స్ప్రింగుల్లేని బండి. ఒక్కో చక్రానికి ఒక ఉక్కు గుండు, దాన్ని స్ఫియర్ అంటారు. లోపల రబ్బరు పొర, దానికి ఒకవైపు నైట్రోజన్, ఇంకోవైపు ఆకుపచ్చ ఎల్‌హెచ్‌ఎం నూనె. పాల్ మాజెస్ అనే ఇంజనీరు పుణ్యమా అని 1955లో డీఎస్ కారుతో నాలుగు చక్రాలకూ వచ్చిన ఏర్పాటిది. ఇంజన్ స్టార్ట్ చేస్తే కారు ఒంటెలా లేచి నిలబడేది. మా ఆవిడకి రోజూ అదే వినోదం.

చలికాలానికి వెనక భాగం గట్టిబడింది. చిన్న గుంత వచ్చినా వెనక సీట్లో పిల్లలు ఎగిరిపడేవారు. ఒక గ్యారేజీలో చూపిస్తే, కారు ఎత్తును సరిచూసే హైట్ కరెక్టర్ పోయిందన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చుతో అలాంటి కారే ఇంకోటి వస్తుంది.

మా పక్కింటాయన రిటైరైన మెకానిక్. బానెట్ ఎత్తకుండానే ఇంజన్ ఆన్ చేయించి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. టక్... టక్... రెండు మూడు సెకన్లకోసారి.

"విన్నారా? అది రెగ్యులేటర్. బాగున్న బండిలో అర నిమిషానికైనా ఒకసారి కొడితే ఎక్కువ" అన్నాడు.

ఒత్తిడి 170 బార్లకు చేరగానే రెగ్యులేటర్ పంపుకి విశ్రాంతినిస్తుంది, 145కి పడితే మళ్లీ పనిలో పెడుతుంది. ఆ మధ్యలో ఒత్తిడిని నిలవుంచేది అక్యుములేటర్ స్ఫియర్. అందులో గ్యాసే లేకపోతే నిలిచేదేముంది?

తర్వాత సీట్ల మధ్య ఉన్న ఎత్తు మార్చే లివర్‌ని పై స్థానానికి జరిపాడు, కారు లేచింది. కిందికి జరిపితే కూర్చుంది. మామూలు స్థానానికి తెస్తే సరిగ్గా మునుపటి ఎత్తుకే వచ్చి ఆగింది. అంటే హైట్ కరెక్టర్ నిక్షేపంలా ఉంది! డిక్కీ మీద ఇద్దరం బరువేసి నొక్కినా వెనక మాత్రం కదల్లేదు. నైట్రోజన్ ఏళ్లతరబడి రబ్బరు పొరలోంచి జారిపోయి, వెనక స్ఫియర్లలో నూనె తప్ప ఏమీ మిగల్లేదన్నమాట. నూనె నొక్కితే నలగదు కదా.

స్టాండ్లు పెట్టందే నన్ను కారు కిందికి దూరనివ్వలేదు. ఒత్తిడి వదిలితే ఆ బండి ఒక్కసారిగా నేలకు దిగిపోతుంది. రెగ్యులేటర్ స్క్రూ వదులు చేసి, బెల్టు పానాతో స్ఫియర్లు తిప్పి తీశాడు. కొత్త సీలు రింగుకి నూనె రాసి, కొత్తవి చేత్తోనే బిగించాడు. వెనకవి రెండూ, అక్యుములేటరూ కలిపి మూడు స్ఫియర్లు మార్చాక టక్కు టక్కుకీ మధ్య అర నిమిషం పైనే ఎడం వచ్చింది.

ఇలాంటి కారు మీ దగ్గరుంటే ఒకటి గుర్తుంచుకోండి: ఎత్తు నిలవకపోతే లీకులు, కరెక్టర్ చూడండి, ఎత్తు బాగుండి కుదుపు ఎక్కువైతే ముందు స్ఫియర్లు చూడండి. నూనె తగ్గితే బ్రేక్ ఆయిల్ మాత్రం పోయకండి, సీళ్లన్నీ పాడైపోతాయి. బ్రేకులు నడిచేది కూడా ఆ ఆకుపచ్చ నూనె మీదే.