జుగ్సలాయి పట్టాల వెంట ఐర్లండు పాఠం

టాటానగర్ రైల్వే స్టేషనును ఆనుకొని ఉన్న వ్యాపార పట్టణం జుగ్సలాయి. ఉక్కునగరమైన జంషెడ్‌పూర్‌కు పొరుగునే ఉన్నా, దీని పురపాలక సంఘం వేరు. స్టేషనుకు పూర్వనామం కాళీమాటి. నాగపూరులో బట్టల మిల్లు నెలకొల్పిన జంషెట్‌జీ టాటా కన్న ఉక్కు కల, ఆయన మరణించిన ఎనిమిదేళ్లకు, 1912లో ఇక్కడ ఫలించింది. ఆ కొలిమి వెలుగును నమ్ముకొని వలస వచ్చినవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు.

వాల్తేరు నుండి బయలుదేరినవారు ఖరగ్‌పూర్‌లో బండి మారి పడమటికి సుమారు 130 కిలోమీటర్లు రావాలి. ఆనాడు ఈ మార్గమంతా బెంగాల్–నాగపూర్ రైల్వే కంపెనీది. యజమాని ఎక్కడో, కార్మికుడు ఎక్కడో! ఉద్యోగం ఊడితే మొరవినేదెవరు?

ఆ ప్రశ్నకు సమాధానం వెతికినవారిలో ఒకరు బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఆయన ఐర్లండు వెళ్లారు. పరాయిపాలనపై పోరాడుతున్న ఆ దేశంలో కార్మికనాయకుడు జేమ్స్ కానలీ భావాలు ఆయనను ఆకట్టుకున్నాయి. 1916 ఈస్టర్ తిరుగుబాటు విఫలమైంది. కానలీని కాల్చిచంపారు. గిరి చదివిన కళాశాలలో ఆంగ్లం బోధించిన థామస్ మెక్‌డొనా కూడా మరణశిక్షకు గురయ్యారు. అదే ఏడాది గిరి ఐర్లండు విడిచి రావలసివచ్చింది.

స్వదేశంలో ఆయన రైల్వే కార్మికుల పక్షాన నిలిచారు. 1927లో ఉద్యోగుల తొలగింపుపై ఖరగ్‌పూర్ అట్టుడికినప్పుడు ఆ పోరాటానికి సారథ్యం వహించినవారిలో ఆయన ముఖ్యులు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి మద్రాసు రాష్ట్రంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. ఇతరదేశాల చరిత్రలో వలసపోయి మిల్లు యజమానులై, ఆ సంపదతో రాజకీయాలలో ప్రవేశించిన ఐరిష్‌వారు కనిపిస్తారు. ఐర్లండు నుండి తిరిగివచ్చిన ఈ తెలుగువాడు శాసనసభకు చేరిన దారి మాత్రం కూలివాని గుడిసె ముందునుంచి సాగింది.

పదవి దక్కాక ఆ దారిని మరచిపోవడం సులభం. గిరి మరువలేదు. 1954లో కేంద్ర కార్మికమంత్రిగా ఉండగా, బ్యాంకు ఉద్యోగులకు అనుకూలమైన తీర్పును ప్రభుత్వం సవరించినందుకు రాజీనామా చేశారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు.

పాత రైల్వే కంపెనీ పేరు నేడు లేదు. ఇక్కడి పట్టాలు ఇప్పుడు ఆగ్నేయ రైల్వేవి. జుగ్సలాయి పక్కన బండి దిగే వలసకూలీ చేతిలో మాత్రం నేటికీ ఒక సంచి, మనసులో ఒక ఆశ ఉంటాయి. అతని మాట వినే మనిషి అవసరమూ అలాగే ఉంది.