పరిగె

గోదావరి మధ్య డెల్టాలో, లొల్ల లాకులకు సమీపమున, ఆత్రేయపురమను గ్రామము కలదు. పూతరేకుల వలన ఆ గ్రామము పేరు దూరదేశములకు ప్రాకినది. 2023వ సంవత్సరమున ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. బోర్లించిన కుండలో మంట పెట్టి, పలుచని బియ్యపు పిండిజారులో గుడ్డను ముంచి, కుండపై ఒక్కమారు పరచి తీసినంతనే కాగితమువంటి రేకు లేచివచ్చును. వెనుకటి వాసన చూపక, వెలుతురు సోకిన పారదర్శకముగ కన్పట్టు ఆ రేకు ఇంటి బియ్యమే యని క్రొత్తవారు ఒక పట్టాన నమ్మజాలరు. సామాన్యవస్తువును మనుష్యుని చేయి ఎంతదూరము తీసికొనిపోగలదో చెప్పుటకు ఈ రేకొక్కటి చాలును.

ఆ గ్రామము చుట్టును వరిచేలు కలవు. పూర్వము కోతలు ముగిసిన పిమ్మట పేదస్త్రీలును, పిల్లలును చేలలో దిగి, రాలిన వెన్నులను ఏరుకొనెడివారు. దానినే పరిగె ఏరుట యందురు. ఒకరు విడిచిన గింజ మరియొకరికి కూడయ్యెడిది. ఇట్టి పరిగె ధాన్యమునకే పరిమితము కాదు. కళలో కూడ పరిగె ఏరువారు కలరు.

రచయిత వ్రాయగా ముద్రాపకుడు అచ్చొత్తి వేలకొలది ప్రతులుగా వెలువరించునది అందరెరిగిన పుస్తకము. అట్లుగాక, చిత్రకారుడు తానే కాగితములను ఎన్నుకొని, అతికి, కుట్టి, పుటల క్రమమును నిర్ణయించి, పుస్తకమునే ఒక కళాఖండముగ రూపొందించుటయు కలదు. దానిని కళాకారుని పుస్తకమందురు. అందులకు వలయు సామగ్రి తరచుగ వీథిలోనో, ఇంటి పెట్టెలోనో దొరకును.

జర్మనీలో 1930లో జన్మించిన డీటర్ రోత్ అను కళాకారుడు 1975, 76 సంవత్సరములలో ఒక వింతపని చేసెను. ఏ దినమునకు ఆ దినము తనకు తారసపడిన పలుచని చెత్తను, పొట్లపు కాగితములను, చిత్తుచీటీలను పారవేయక ఫైళ్లలో వరుసగ అమర్చెను. అట్టి ఫైళ్లు 600కు పైగా అయినవి. ఒక మనుష్యుని దినచర్య యంతయు ఆ పుటలలో నిలిచిపోయినది. తన తుదిదినములలో, 1997, 98 సంవత్సరములలో, అతడు తన ఒంటరి జీవితమునే వీడియోలో పట్టెను. చదువుట, పనిచేయుట, నిద్రించుట తప్ప అందు విశేషమేమియు లేదు. 100కు మించిన తెరలపై ఆ దృశ్యములు ఒక్కమారుగ నడచుచుండగా చూచువారికి, గడచిపోవుచున్న ఆయువు కన్నులకు కట్టును. 1998లో అతడు కన్నుమూసెను.

ఫ్రాన్సు దేశపు చలనచిత్రకారిణి అన్యెస్ వార్దా 2000వ సంవత్సరమున పరిగె ఏరువారిని గురించియే ఒక చిత్రము తీసెను. అప్పటికామెకు డెబ్బది రెండేండ్లు. చేత ఇమిడెడి చిన్న కెమెరాతో ఆమె తిరిగి, విపణికి పనికిరావని పొలములో విడిచిన బంగాళాదుంపలను చూపెను. వానిలో హృదయాకారము గల దుంపలను ఏరి ఇంటికి తెచ్చుకొనెను. ముండ్లు లేని గడియారమొకటి దొరకగా దానిని ఇంట నిలిపెను. ముడుతలు పడిన తన చేతిని కూడ దాచక చిత్రించెను. దుంప, గడియారము, చేయి, మూడును కాలము విడిచిన పరిగెయే.

ఇట్టి సామగ్రి ఆత్రేయపురపు ఇండ్లలో మాత్రము లేదా? తాతగారి పోస్టుకార్డు, వెలిసిన శుభలేఖ, పాత శిస్తురసీదు, అమ్మమ్మ చేతివ్రాతలోని వంటపద్దు పెట్టె అడుగున పడియుండును. 1986 ఆగస్టులో గోదావరికి మహావరద వచ్చినది. ఆ నీట తడిసిన ఛాయాచిత్రమొకటి ఎవరి ఇంటనైన నుండిన, దానిపై మరకను చెరపవలెనా? చెరపిన ముఖము స్పష్టమగును గాని వరద కథ పోవును. ఆ మరకయు ఒక అక్షరమే. దానినట్లే నిలిపి ప్రక్కపుటలో అమ్మమ్మ మాటలను వ్రాసినచో అది చరిత్రయగును.

కాని ప్రోగుచేసినదెల్ల పుస్తకము కాదు. దేని ప్రక్కన దేనినుంచవలెనో, దేనిని విడువవలెనో యోచించినప్పుడే కుప్ప పుస్తకమగును. అంతకు మించిన నియమము మరియొకటి కలదు. కోత కాకమునుపే పరుల చేలో దిగినవాడు పరిగె ఏరువాడు కాడు, దొంగ. అక్క దాచుకొన్న ఉత్తరమును ఆమె నడుగక అతికించుటయు, దుఃఖములోనున్న పొరుగువారిని వారెరుగకుండ వీడియో తీయుటయు అట్టి పనులే. యజమాని సమ్మతించి విడిచినదే పరిగె.

ఆ నియమమును పాటించి, వంగి, ఓపికతో ఏరువానికి లోకములో వ్యర్థమైన గింజ అరుదు. పెద్దలు బ్రతికియుండగనే వారినడిగి ఏరుకొనుట మేలు. వారు పోయిన పిదప పెట్టెలో కాగితములుండును గాని, వానికి అర్థము చెప్పువారుండరు.