మురుగమల్లలో అరకు కాఫీ

మురుగమల్ల దర్గా దగ్గర బస్సు దిగితే కాఫీ ఘుమఘుమ ఎదురైనది. ఈ చింతామణి సీమలో రాగి, వేరుశనగ, మల్బరీ పండుతవి గాని కాఫీ పండదు. ఎత్తుకు లోటు లేదు, వాన చాలదు. చిక్కమగళూరు కొండలపై తొలి ఏడు గింజలు నాటినది బాబా బుడన్ అనే సూఫీ అని ఐతిహ్యం. దర్గా వాకిట ఆ మాట జ్ఞాపకం రాకపోదు!

మా అవ్వకు చికోరీ లేనిది కాఫీయే కాదు. ఈసారి అరకు గింజలు తీసుకుపోయినాను. మన్యంలో గిరిజనులు సిల్వరోకు చెట్ల నీడన, మిరియపు తీగెల నడుమ పెంచేవి. పండు ఎర్రబడితేనే కోయవలె. 2019లో వీటికి భౌగోళిక గుర్తింపు దక్కింది. మన తెలుగు నేల పంటను తెలుగిల్లు కాదంటుందేమోనని నా బెంగ.

చికోరీ కలపకుండా ఇచ్చినాను. అవ్వ గుక్క వేసి, "పుల్లగుందే, నాయనా" అన్నది. లోటా మాత్రం క్రింద పెట్టలేదు.