తాండూరు బండను అడిగిన ప్రశ్న



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు కాస్త విసుగ్గానే అడిగారు: "మేడం, మా అమ్మాయి రెండు రోజులుగా చైనా రాళ్ల గురించే మాట్లాడుతోంది. ఇది ఎగ్జామ్‌లో వస్తుందా?"

సగం వస్తుందండీ. తొమ్మిదో తరగతి సైన్సులో ఐసోటోపులు ఉన్నాయి, నిర్వచనం రాస్తే మార్కులు పడతాయి. మిగతా సగం చెబుదామంటే ఆ రోజు వెనకాల పెద్ద లైన్ ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కార్బన్ పరమాణువులన్నీ ఒకే బరువు ఉండవు. నూటికి దాదాపు 99 కార్బన్-12, మిగిలిన ఒక్కటి కాస్త బరువైన కార్బన్-13. మొక్కలు, సముద్రంలోని నాచు ఆహారం తయారు చేసుకునేటప్పుడు తేలికైనదాన్నే ఎక్కువగా తీసుకుంటాయి. అవి చచ్చి అడుగున పూడిపోతే నీళ్లలో బరువైనదాని వాటా పెరుగుతుంది. ఆ నీళ్లలో ఏర్పడిన సున్నపురాయి ఆ లెక్కను అలాగే దాచుకుంటుంది.

చైనాలోని మెయ్‌షాన్‌లో ఈ పొరలు బీరువాలో మడతపెట్టిన చీరల్లా ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. శాస్త్రవేత్తలు పొర పొరకూ చిటికెడు పొడి తీసి, యాసిడ్ కలిపి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాస్ స్పెక్ట్రోమీటర్‌తో పరీక్షించారు. సుమారు 25 కోట్ల 20 లక్షల ఏళ్ల నాటి పొరల దగ్గర కార్బన్-13 పడిపోయింది. తగ్గింది వెయ్యికి కొన్ని వంతులే. కానీ ఆ చుట్టుపక్కలే శిలాజాలూ మాయమయ్యాయి. సముద్ర జీవజాతుల్లో పదింట ఎనిమిదో తొమ్మిదో అప్పుడే అంతరించాయి. ఆ కాలంలోనే సైబీరియాలో లావా పొంగి, దారిలోని బొగ్గు పొరల్ని కాల్చింది. బొగ్గంటే పాతకాలపు మొక్కలే కదా, తేలిక కార్బన్! కారణం అదొక్కటేనా అన్న వాదన ఇంకా నడుస్తోంది. పిల్లలకు అన్నిటికంటే ఆ వాదనే నచ్చింది, నాకూ అంతే.

ఆ అమ్మాయి లేచి, "మా ఇంట్లో తాండూరు బండలూ సున్నపురాయేగా, వాటిలోనూ ఉంటుందా?" అంది. ఆ బండలు ఇంకా చాలా పాతవి, నత్తలు, చేపలు పుట్టక ముందటి సముద్రపు అడుగు అని చెప్పాను. "మరి ఇప్పుడు ఏర్పడే రాయిలో ఏముంటుంది మేడం?"

క్లాసంతా నిశ్శబ్దం. పిల్లల్ని భయపెట్టడం ఎందుకని దాటేయొచ్చు. కానీ అడిగింది కదా. మనం బొగ్గు, పెట్రోలు కాలుస్తున్నాం, గాలిలో కార్బన్-13 వాటా తగ్గుతోంది, ఇప్పుడు పెరుగుతున్న పగడాల్లో కూడా ఆ తగ్గుదలను కొలిచారు అని చెప్పాను. "అయితే మళ్లీ అలాగే అవుతుందా?" అంది. ఏమవుతుందో రాయి చెప్పదమ్మా, ఏం కాల్చామో మాత్రం చెబుతుంది అన్నాను.

ఆ నాన్నగారు రెండు రోజులు విన్నది ఆ ప్రశ్ననే. ఈ ఆదివారం వీలైతే మీరూ ఒక పని చేయండి. పగిలిన బండ ముక్క ఒకటి తీసుకుని, మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండండి. సన్నగా బుడగలు వస్తాయి, అది కోట్ల ఏళ్ల నాటి కార్బన్. పాలిష్ చేసిన గచ్చు మీద మాత్రం వద్దు, మచ్చ పడుతుంది.