దూరం చేతిలో లేదు

బలమంతా పెడితే డిస్క్ దూరం వెళ్తుందని అందరం అనుకుంటాం. వెళ్ళదు. డిస్క్ గోల్ఫ్ నేర్చుకునే ప్రతివాళ్ళకీ మొదట్లోనే ఎదురయ్యే వింత ఇది. పాతికేళ్ళ కుర్రాడు, జిమ్ బాడీ, పళ్ళు బిగించి భుజం ఊడొచ్చేలా విసురుతాడు. డిస్క్ 60 మీటర్లు వెళ్ళి, ఎడమకి వాలి, గడ్డిలో పడుతుంది. వెనకాలే అరవై దాటిన పెద్దాయన, కాస్త బొజ్జతో, అరుగు మీంచి లేచొచ్చినంత తీరిగ్గా విసురుతాడు. అది 90 మీటర్లు దాటుతుంది. ఆ తేడా ఎక్కడుందో ఒంటికి తెలియడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. చెప్పడానికి మాత్రం ఒక్క ముక్క చాలు: దూరం చేతిలో లేదు, వరసలో ఉంది.

ఈ ఆట మన దగ్గర చాలామందికి తెలియదు కాబట్టి ముందు దాని సంగతి. పేరుకి తగ్గట్టు గోల్ఫ్ లాంటిదే. కర్ర, బంతి బదులు ప్లాస్టిక్ డిస్క్. గుంట బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. తక్కువ విసుర్లలో బుట్టలో వేసినవాళ్ళది గెలుపు. ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేశారు. గొలుసుల బుట్ట కూడా ఆయన ఆలోచనే. 2002లో ఆయన పోయాక, కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. అంత పిచ్చి ఉన్న ఆట ఇది. నేనుండే షార్లెట్‌కి దక్షిణంగా, కారులో కాసేపు వెళ్తే రాక్ హిల్ వస్తుంది. అక్కడి విన్‌త్రాప్ యూనివర్సిటీలో 1999 నుంచి యూఎస్ చాంపియన్‌షిప్ జరుగుతోంది. ఇక్కడ చాలా పార్కుల్లో ఆడటం ఫ్రీ. డిస్క్ ఒకటి పది, ఇరవై డాలర్లలో వస్తుంది. వీడియో కాల్‌లో మా అమ్మ చూసి, "పళ్ళేలు విసురుతున్నావేంట్రా?" అంది. బయటివాళ్ళకి కనిపించేది అంతే.

దూరానికి వాడే డిస్కుని డ్రైవర్ అంటారు. 21 సెంటీమీటర్ల వెడల్పు, 175 గ్రాముల లోపు బరువు, అంచు పదునుగా ఉంటుంది. అది గాల్లో నిలబడేది బొంగరం నేల మీద నిలబడే సూత్రంతోనే. గిర్రున తిరుగుతున్నంతసేపు ఒరగదు. కుడిచేత్తో, క్రికెట్ బంతిలా కాకుండా, ఎడమ వైపు నుంచి లాగి విసిరితే డిస్క్ ముందు కొంచెం కుడికి వెళ్తుంది, ముందుకెళ్ళే వేగం తగ్గాక ఎడమకి వాలుతుంది. సరిపడా వేగం లేకపోతే ఆ మొదటి సగం ఉండదు, వాలడం ఒక్కటే మిగులుతుంది. చేతిలోంచి గంటకి 95 కిలోమీటర్లకి పైగా వేగంతో వదిలితే దాదాపు 120 మీటర్లు వస్తుంది. పేరున్న ప్రొఫెషనల్స్ 140, 150 మీటర్లు విసురుతారు. 2016లో నెవాడా ఎడారిలో గాలివాటున డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ 338 మీటర్లు విసిరి రికార్డు పెట్టాడు. కండలు చూస్తే వీళ్ళలో చాలామంది మన పక్కింటి కుర్రాళ్ళలాగే ఉంటారు.

మరి ఆ వేగం ఎక్కణ్ణుంచి వస్తుంది? బోనాల్లో పోతరాజు కొరడా ఝళిపించడం చూసే ఉంటారు. ఛళ్ళుమనేది పిడి దగ్గర కాదు, చిట్టచివర. పిడి పట్టుకున్న చెయ్యి ముందుకొచ్చి ఆగుతుంది. ఆ ఊపు తాడులోకి పాకి, తాడు సన్నబడేకొద్దీ వేగం పెరిగి, కొసకొచ్చేసరికి మోగుతుంది. చెయ్యి ఆగకుండా పోతూనే ఉంటే తాడు వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది తప్ప మోగదు. డిస్క్ విసురులోనూ అంతే. కాలు, తుంటి, భుజం, మోచెయ్యి, మణికట్టు, ఆఖర్న డిస్క్. ఒక్కొక్కటీ తన పని చేసి, నెమ్మదించి, ఊపుని తర్వాతిదానికి అందించాలి. మా సాఫ్ట్‌వేర్ భాషలో ఇవి పారలల్‌గా నడిచే పనులు కావు, సీక్వెన్స్. చెయ్యి తొందరపడి ముందే లాగేస్తే, తుంటి ఇచ్చే ఊపుని అందుకోవడానికి అక్కడ ఎవరూ ఉండరు.

మా పార్కులో శనివారాలు కలిసే రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్ ఒకాయన ఉన్నారు. నా విసుర్లు నాలుగు చూసి ఒకటే అడిగారు. "చేతి సంగతి వదిలెయ్. నీ ముందు కాలు ఆగుతోందా?" నాకు వెంటనే ఆర్టీసీ బస్సు గుర్తొచ్చింది. నిలబడి ఉన్నప్పుడు డ్రైవర్ సడన్ బ్రేక్ వేస్తే బస్సు ఆగుతుంది, మనం ఆగం. విసిరేటప్పుడు నాలుగడుగులు పక్కకి నడిచొచ్చి, ఆఖరి అడుగులో కుడికాలిని గట్టిగా ఊనడం ఆ బ్రేక్. కాలు ఆగితే తుంటి గిర్రున తిరుగుతుంది, తుంటి వెనక భుజం, భుజం వెనక చెయ్యి. కాలు మెత్తగా జారితే నడిచొచ్చిన ఊపంతా నేలపాలు.

తర్వాతిది చెయ్యి నడిచే దారి. జనరేటర్ తాడు లాగి స్టార్ట్ చేసేటప్పుడు తాడుని తిన్నగా లాగుతాం, వంకరగా లాగితే ఇంజన్ అందుకోదు. డిస్క్ కూడా ఛాతీ ముందు నుంచి తిన్నటి గీతలా రావాలి. మోచెయ్యి ఛాతీకి అతుక్కుపోతే డిస్క్ ఒంటి చుట్టూ గుండ్రంగా తిరిగి, ఎక్కడ వదిలిపోతుందో దానికే తెలియదు. ఇక మూడోది డిస్క్ ముక్కు, అంటే ముందు అంచు. అది కాస్త పైకి లేచినా చాలు, గాలి కిందనుంచి పట్టుకుని గాలిపటంలా ఎత్తేస్తుంది. ఎత్తు వస్తుంది, దూరం రాదు. చెంబులో నీళ్ళు ఒంపేటప్పుడు మణికట్టు కిందికి వంగుతుంది చూడండి, అలా ఉంచితే ముక్కు దిగుతుంది.

సాధన కూడా ఇదే వరసలో చేశాను. ముందు డ్రైవర్లు పక్కన పెట్టి, దగ్గర విసుర్లకి వాడే పటర్‌తోనే దూరం విసరడం. అది నెమ్మది డిస్క్ కాబట్టి తేడా ఉంటే వెంటనే ఊగిపోయి చెప్పేస్తుంది. తర్వాత నడక లేకుండా, నిలబడ్డ చోటు నుంచే తుంటితో విసరడం. ఫోన్‌ని బాటిల్‌కి ఆనించి స్లోమోషన్‌లో తీసి, కాలు ఆగాక చెయ్యి కదిలిందా, ముందే కదిలిందా అని చూసుకోవడం. భుజం నొప్పి పెడితే ఆ రోజుకి ఆపేయడం, ఎందుకంటే వరస సరిగ్గా ఉన్న రోజు భుజం నొప్పి పెట్టదు. ఏడాదిన్నరలో 62 మీటర్ల నుంచి 98కి వచ్చాను. బలం పెరగలేదు. ఇప్పటికీ ఆఫీసులో వాటర్ క్యాన్ ఎత్తాలంటే ఇంకొకర్ని పిలుస్తాను.

98 మీటర్లు గొప్ప దూరం కాదు. దూరం ఉంటేనే గెలుస్తామనీ కాదు, బుట్టకి ఆరు మీటర్ల దగ్గర చెయ్యి వణికితే ముందు విసిరిందంతా వృథా. కానీ నాకు ఆ 36 మీటర్లు వేరే లెక్క. మా స్కూల్లో పీటీ పీరియడ్ వస్తే మ్యాథ్స్ సార్ వచ్చేవారు. ఇంటర్ చదివిన కాలేజీలో గ్రౌండే లేదు. "వాడు చదువుకునే పిల్లాడు" అని ఇంట్లో గర్వంగా చెప్పేవాళ్ళు. ఆ మాటకి రెండో సగం ఎవరూ పైకి అనేవారు కాదు: వాడి ఒంటికి ఏమీ రాదు. నాలాంటివాళ్ళు ఒక తరం మొత్తం ఉన్నారు. తల ఒక్కటే మనది, మెడ కింద ఉన్నదంతా దాన్ని కుర్చీ దాకా మోసుకెళ్ళే బండి అనుకుని పెరిగినవాళ్ళం. ఆట పుట్టుకతో రావాలి, పదేళ్ళ లోపు పట్టుబడకపోతే ఇక రాదు అని నమ్మేశాం. 28 ఏళ్ళ తుంటి కొత్త పని నేర్చుకుంటుందని నాకు పార్కులో తెలిసింది. మ్యాథ్స్‌లో లెక్కని ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో విడగొట్టి చేసినట్టే, ఒంటికీ విడగొట్టి చెప్తే అది వింటుంది. కాకపోతే దానికి ఒక్కసారి చెప్తే చాలదు, వెయ్యి సార్లు చెప్పాలి.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. గాలి వెనకనుంచి వీచే రోజు ఎవరి డిస్క్ అయినా దూరం వెళ్తుంది, ఆ అంకె నమ్మొద్దు. ఎదురుగాలి ఉన్న సాయంత్రం ఖాళీ మైదానానికి వెళ్ళి, సగం బలంతో విసరండి. ముక్కు లేస్తే గాలి అక్కడికక్కడే ఎత్తి వెనక్కి పడేస్తుంది. దిగిన రోజున, డిస్క్ తలవంచుకుని తన దారిన తను పోతుంది.