స్టీరింగు తాళం

మా అల్లుడి పాత మారుతి కారులో తాళంచెవి తిరగడం కష్టమైంది. అటువంటప్పుడు స్టీరింగును కాస్త అటూ ఇటూ కదిపితే చాలామట్టుకు తిరుగుతుంది. ఈసారి తిరగలేదు. చెవి తీయగానే స్ప్రింగు బలంతో ఒక ఇనుప మేకు స్టీరింగు కడ్డీలోని గాడిలో దిగుతుంది. లోపలి భాగాలు అరిగి, ఆ మేకు నడిచే బండిలో దిగితే స్టీరింగు బిగుసుకుపోతుంది. ఆ బండిలో తిరిగేది మా అమ్మాయి, ఇద్దరు పసిపిల్లలు.

మెకానిక్కు మొదట బండి కాగితాలు అడిగాడు. పరిచయస్తుడై ఉండీ అడగడం నాకు నచ్చింది. తాళాలు విప్పే విద్య కూడా అమానతే కదా! తరువాత బ్యాటరీ తీగ తప్పించి, స్టీరింగు కింది తొడుగు విప్పాడు. తాళాన్ని పట్టి ఉంచిన బోల్టులకు తలలే లేవు. దొంగ పానాకు దొరకకుండా, బిగించేటప్పుడే తల విరిగిపోయేలా వాటిని తయారుచేస్తారు. ఉలి అంచును పక్కగా ఆనించి, సుత్తితో మెల్లగా కొడుతూ, ఒక్కొక్కదాన్నీ వెనక్కు తిప్పాడు. చాలాసేపు పట్టింది.

మేకు మాత్రం తీసేసి ఊరుకుంటే ఖర్చు తగ్గుతుందని అల్లుడన్నాడు. వీధిలో నిలిపే బండికి అది తగదన్నాను. కొత్త తాళమే వేయించాం, మళ్లీ తలలు విరిగే బోల్టులతోనే. ఇప్పుడు ఇంజనుకు ఒక చెవి, తలుపుకు మరొకటి.